నిండుకున్న మాట

మా ఇంట్లో ఏ వస్తువూ ఎన్నడూ అయిపోయింది లేదు. మేమేదో కలిగినవాళ్ళమని అనుకునేరు. పులివెందులలో మా నాయనది చిల్లరంగడి. ముందు గదిలో అంగడి, వెనక గదుల్లో మేము. నెలాఖరుకు మా వంటింట్లో డబ్బాలు తడితే ఖాళీ శబ్దమే వచ్చేది. కానీ ఆ సంగతి చెప్పడానికి 'అయిపోయింది' అనే మాట మా గడపలోపల పనికిరాదు. బియ్యం అడుగంటితే 'నిండుకున్నాయి' అనాలి. దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అనాలి. తాళి తెగితే 'పెరిగింది' అనాలి. గడప దాటి పోయే మనిషి 'పోయొస్తా' అనాలి. ఇవన్నీ తెలుగువాళ్ళందరికీ ఉన్నవే గానీ, అంగడి నడిపే ఇంట్లో వీటికి పట్టింపు ఎక్కువ.

ఈ చట్టం చేసింది మా అమ్మ. నామీద అమలుపరిచింది మా అక్క. ఒకరోజు వేంపల్లె నుంచి వచ్చిన బేరగాళ్ళు అంగట్లో కూర్చుని ఉండగా, నేను లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి చక్కెర అయిపోయిందని నాయనకు గట్టిగా చెప్పాను. నాయన బేరగాళ్ళ వైపు తిరిగి మాట మార్చాడు. అక్క మాత్రం నా చెవి పట్టుకొని వంటింట్లోకి లాక్కుపోయి, ఖాళీ డబ్బా ముందు నిలబెట్టి, నిండుకుంది అనమంది. అడుగు కనపడుతున్న డబ్బాను చూస్తూ నిండుకుందని ఎట్లా అంటానని నేను మొండికేశాను. అప్పుడు ఆమె చెవి వదిలేసి, కొంచెం మెత్తగా చెప్పింది.

"అది డబ్బాను గురించి చెప్పే మాట కాదబ్బీ. పైనుండే సామికి చెప్పే మాట. నింపు సామీ అని అడుగుతాండాం."

అప్పటికి అక్కకు పరికిణీ వయసు. ఆ జవాబు అమ్మ చెప్పిందో, తనే అనుకుందో నాకు తెలియదు. కానీ ఆ రోజు నుంచి నా నోట ఆ మాట తప్పలేదు. తరువాత ప్రొద్దుటూరు వచ్చి బట్టలంగడి పెట్టుకున్నాక కూడా, అడిగిన రంగు చీర లేకపోతే లేదని చెప్పింది లేదు. "రేపొస్తాదమ్మా" అంటాను. ఆమె తలూపి పక్కంగడికి పోతుంది. నేను అన్నదేమిటో ఆమెకు తెలుసు, ఆమె రేపు రాదని నాకూ తెలుసు, ఎవరికీ మనసు నొప్పి లేదు. నా జీవితమంతా ఇట్లాంటి మాటల మీదే నడిచింది.

అక్కను జమ్మలమడుగులో ఇచ్చారు. బావది కూడా చిల్లరంగడే, అందువల్ల ఆమె తన చట్టాలన్నీ మూటగట్టుకొని పోయి అక్కడ ఇంకో రాజ్యం స్థాపించింది. ఆమె కోడలై అడుగుపెట్టిన కొన్నాళ్ళకే ఆ ఇంట్లో ముసలి అత్తగారు కూడా 'అయిపోయింది' అనడం మానేసిందని బావ ఇప్పటికీ చెప్పి నవ్విస్తాడు. అక్కకు యాభై దాటాక రక్తపోటు పట్టుకుంది. ఒక్కపూట కూడా తప్పకుండా మాత్ర వేసుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె కూడా మాత్రను ప్రసాదంలాగా కళ్ళకద్దుకొని వేసుకునేది. మాత్రలను మందులంగడి వాళ్ళు నెలనెలా ఇంటికి పంపేవారు. మొదట్లో అంగడతనే ఫోన్ చేసి అడిగేవాడు. ఒకటి రెండేళ్ళ కిందట ఆ పని ఒక మాట్లాడే యంత్రానికి అప్పజెప్పారు.

ఆడపిల్ల గొంతు. కృష్ణా, గుంటూరు వైపు తెలుగు. 'నమస్కారమండీ, ఎలా ఉన్నారు, నీరసం ఏమైనా ఉందా' అని మొదలుపెట్టి, చెప్పింది చెప్పినట్టు వింటుంది. అడ్డం రాదు, విసుక్కోదు, మధ్యలో ఇంకెవరితోనో మాట్లాడదు. మా అక్కకు ఆ పిల్ల తెగ నచ్చింది. అది మనిషి కాదని చెప్తే, తెలుసులేప్పా అని కొట్టిపారేసి, 'పాప ఫోన్ చేసింది' అనేది మళ్ళీ. మోకాళ్ళ నొప్పి గురించీ, బావ చాటుగా తినే బెల్లం గురించీ అంతా దానికి చెప్పేది. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం బాగుండావా, పిల్లోళ్ళు బాగుండారా, సరే పెట్టేస్తా. నాకు కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది, దాచడం ఎందుకు.

ఈ యంత్రాల సంగతి మా ఇంట్లో కొత్తేమీ కాదు. అక్క కూతురు ప్రొద్దుటూరులోనే, మా పక్కవీధిలోనే కాపురం. ఎమ్మే తెలుగు చదివింది. మిద్దెమీద గదిలో కంప్యూటరు ముందు కూర్చుని యంత్రానికి తెలుగు నేర్పే పని చేస్తుంది. అది రాసిన వాక్యం ఈమె చదివి, ఇది బాగుంది, ఇది బాగాలేదు, ఇక్కడ మనవాళ్ళు ఇట్లా అనరు అని దిద్దుతుంది. నేను ఆదివారాలు వాళ్ళింటికి పోయి కాఫీ తాగుతూ ఆమెతో గొడవ పెట్టుకునేవాణ్ణి. మనుషులకు మాటలు నేర్పకుండా ఇనుముకు నేర్పుతున్నావేమని ఎత్తిపొడిచేవాణ్ణి. రేపు అది మా గుమాస్తాల పొట్టగొడుతుందని, మనకంటే తెలివి మీరి ఒకనాడు మనల్నే అమ్మేస్తుందని అనేవాణ్ణి.

ఆమె ఓపికగా వినేది. తొండూరులో పత్తి వేసిన మనిషి ఆకు పట్టుకొని నిలబడి, తన మాటలోనే అడిగి, తన మాటలోనే జవాబు తెలుసుకునే రోజు వస్తుందని చెప్పేది. చదువు రాదని, ఇంగ్లీషు రాదని ఎవరూ ఆఫీసుల ముందు తల గీరుకుంటూ నిలబడనక్కర్లేదనేది. ఆమె చెప్తుంటే కళ్ళు మెరిసేవి. నేను నమ్మనట్టు మొహం పెట్టేవాణ్ణి గానీ, ఆమె చెప్పినట్టు జరిగితే బాగుండునని లోపల ఉండేది. ఇది మనుషులకు మేలు చేస్తుందా కీడు చేస్తుందా అనే మాట మీద మేమిద్దరం ఎన్ని ఆదివారాలు పాడుచేశామో.

నేను భయపడిన దోవన మాత్రం రాలేదు ఆ కీడు.

ఒక నెల ఆ యంత్రం అక్కకు ఫోన్ చేసి, మాత్రలు ఇంకా ఉన్నాయా అమ్మా అని అడిగింది. అక్క ఆ డబ్బాలో చివరి మాత్ర ఆ పొద్దునే వేసుకుంది. అయినా మందుల గురించి, అందులోనూ తన ప్రాణం నిలబెట్టే మందుల గురించి, అయిపోయినాయి అని ఆమె నోట ఎట్లా వస్తుంది? నిండుకున్నాయని చెప్పింది. యంత్రం, చాలా సంతోషమని, జాగ్రత్తగా వాడుకోమని చెప్పి పెట్టేసింది. అంతకుముందు నెలల్లో ఫోన్ వచ్చేసరికి డబ్బాలో ఇంకా కొన్ని ఉండేవి. కొంచెం ఉండాయి పాపా, పంపించు అనేది అక్క. డబ్బా పూర్తిగా ఖాళీ అయ్యాక అది అడగడం అదే మొదటిసారి.

ఇక ఆమె ఎదురుచూడ్డం మొదలుపెట్టింది. ఇవాళ వస్తాయి, రేపు వస్తాయి. బావ తానే పోయి తెస్తానంటే వద్దంది. పాపకు చెప్పాను కదా, అది మరిచిపోదు అంది. మనిషైతే మరిచిపోయాడేమోనని మళ్ళీ ఫోన్ చేసి ఉండేది. యంత్రం మరిచిపోదని ఆమెకు అంత నమ్మకం. అది మరిచిపోలేదు కూడా.

ఒక పొద్దున పూజకు మల్లెలు కడుతుండగా ఎడమచేతిలోంచి దారం జారిపోయింది. తీసుకుందామంటే చెయ్యి రాలేదు. బావను పిలిస్తే మాట ముద్దముద్దగా వచ్చింది. కారు మాట్లాడుకొని ప్రొద్దుటూరు తీసుకొచ్చేసరికి నేనూ మేనకోడలూ ఆసుపత్రి గుమ్మంలో ఉన్నాం. అక్క నన్ను చూసి ఏదో చెప్పబోయింది. అర్థం కాలేదు. నా చెవి పట్టుకొని మాటలు నేర్పిన మనిషి మాట నాకు అర్థం కాకపోవడాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు.

మాత్రలు వేసుకుంటోందా అని డాక్టరు అడిగితే, పది రోజులకు పైగా మాత్రలే రాలేదని బావ చెప్పాడు. మేనకోడలు వెంటనే మందులంగడికి ఫోన్ చేసి కోప్పడింది. అంగడతను మంచివాడే. తనకూ భయం పట్టుకుంది. యంత్రం మాట్లాడిన ప్రతి మాటా దాచిపెట్టి ఉంటుందట, ఆ రోజు మాటలు ఆమె ఫోన్‌కు పంపించాడు. వరండాలో ముగ్గురం తలలు దగ్గరపెట్టి విన్నాం.

ముందు ఆ పిల్ల గొంతు, మాత్రలు ఉన్నాయా అని. తరువాత మా అక్క గొంతు, ఎక్కడా తొణక్కుండా, మంగళహారతి పాడినంత శుభంగా.

"నిండుకున్నాయి పాపా."

"చాలా సంతోషం అమ్మా. జాగ్రత్తగా వాడుకోండి."

మేనకోడలు ముందు నవ్వింది. నిజంగానే నవ్వొచ్చింది ఆమెకు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. బావ మాత్రం ఏమీ అర్థం కానట్టు, సరిగ్గానే చెప్పింది గదా అన్నాడు. ఆయన దృష్టిలో ఆమె సరిగ్గానే చెప్పింది. మా ముగ్గురిలో ఎవరికి చెప్పినా, జమ్మలమడుగు బజారులో ఏ అంగడికి చెప్పినా ఆ సాయంత్రానికే మాత్రలు వచ్చేవి.

అక్కకు ప్రమాదం తప్పిందని చెప్పాక, ఆసుపత్రి బయట టీ బంకు దగ్గర మేనకోడలు నాతో మాట్లాడింది. ఆదివారం గొడవలప్పుడు నేను గెలవాలని చూసేవాణ్ణి గానీ, ఆ రోజు గెలిచినట్టు అనిపించలేదు. యంత్రాన్ని తిట్టబోయాను. ఆమె ఆపింది.

"అది మోసం చేయలేదు మామా. అమ్మ మీద దానికి పగా లేదు. అమ్మ చెప్పింది నమ్మింది, అంతే."

తమ పనిలో ఉన్న పెద్ద పెద్దవాళ్ళు కూడా ఇట్లాంటి దానికే భయపడతారని చెప్పింది. అది మనమీద తిరగబడుతుందని కొందరి భయమట. అంతకంటే, మనం కోరింది ఒకటి, దానికి అర్థమైంది ఇంకొకటి అయి, ఆ అర్థమైనదాన్ని అది నమ్మకంగా, వేగంగా, పొరపాటు లేకుండా చేసుకుంటూ పోతే ఏమిటని ఇంకొందరి భయమట. ఇవాళ మాత్రలు, రేపు కరెంటు, ఎల్లుండి కోర్టులు, సైన్యాలు దాని చేతికి పోతాయి.

నేను ఆదివారాలు అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగాను, ఈసారి ఎకసెక్కం లేకుండా. ఇది బాగుపడే దారేనా అని.

"నేర్పితే నేర్చుకుంటాది మామా. మనకంటే తొందరగా నేర్చుకుంటాది. కానీ ఏం నేర్పల్లనో మనకు గుర్తొచ్చేది దెబ్బ తగిలినంకనే. నేను పుట్టినప్పట్నుంచి ఈ మాట ఇంటాండా. అన్ని వేల వాక్యాలు దిద్దినా. ఇది చెప్పల్లని ఒక్కసారి గూడా తోచలే."

నాకూ తోచలేదు. ఎట్లా తోస్తుంది? మనకు మరీ బాగా తెలిసినవి మనం ఎవరికీ చెప్పం. ఊపిరి ఎట్లా తీసుకోవాలో బిడ్డకు ఏ తల్లీ చెప్పదు. మనుషుల మధ్య సగం సంగతులు చెప్పకుండానే నడుస్తాయని, ఆ చెప్పని సగం మీదే మన ప్రాణాలు నిలబడి ఉన్నాయని నాకు ఆ టీ బంకు దగ్గర మొదటిసారి తెలిసింది. మేనకోడలు మిద్దెగదిలో ఒంటరిగా కూర్చుని, ఆ సగాన్నంతా గుర్తుతెచ్చుకొని యంత్రానికి అప్పజెప్పాలట. ఎంతమంది కూర్చుంటే తెములుతుంది ఆ పని? ఆలోపల అది ఆగుతుందా? ఎవరైనా ఆగనిస్తారా? జాలేసింది నాకు, ఆమె మీదా, మనందరి మీదా.

అక్క నెమ్మదిగా తేరుకుంది. కాలు దారికొచ్చింది. మాట తేటపడింది. ఎడమచెయ్యి మాత్రం భుజం దాకా లేస్తుంది, వేళ్ళు చెప్పినమాట వినవు. మల్లెలు కట్టడం పోయింది. ఇప్పుడు కట్టిన పూలు కొంటున్నారు ఆ ఇంట్లో. కొన్న పూల దండ చూసినప్పుడల్లా, ముడి వదులుగా ఉందని ఆమె వంక పెడుతుంది.

ఆ ఫోన్ మాన్పించేద్దామని బావా నేనూ అనుకున్నాం. అక్క ఒప్పుకోలేదు. దానిమీద ఆమెకు రవ్వంత కోపం లేకపోవడం నాకు ఆశ్చర్యం. పసిబిడ్డ లాంటిదబ్బీ, దానికేం తెలుసు, మనమే తెలిసేటట్టు చెప్పల్ల అంది. ఆ తరువాతి నెల ఫోన్ వచ్చినప్పుడు, దేవుని పటం వైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకొని, అయిపోయినాయి పాపా అందట. అని, పెట్టేశాక లెంపలేసుకుందట. ఆ సంగతి బావ నాకు చెప్పినప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుకొని ఉండాల్సింది కాదేమో.

మేనకోడలు మాత్రం ఊరుకోలేదు. నిండుకోవడం, కొండెక్కడం, పెరగడం, వస్తానని చెప్పి పోవడం, ఇట్లాంటివన్నీ ఏరి, ఏ మాట వెనక ఏ అర్థముందో విడమరిచి రాసి తన పైవాళ్ళకూ, మందులంగడి యంత్రం చేసినవాళ్ళకూ పంపింది. నన్నూ కూర్చోబెట్టి అడిగింది. బట్టలంగడి మాటలు నేను చెప్పాను. వల్లూరు నుంచి వచ్చే మా దర్జీ, తాను చర్చిలో విన్నవి, ఇంట్లో విన్నవి మరికొన్ని చెప్పాడు. కొన్ని వారాలు మా ఇంట్లో ఇదే పని. అమ్మ ఉన్నప్పుడు కూడా ఆమె మాటలను ఇంత శ్రద్ధగా తలుచుకోలేదు మేము. ఆ పని చేస్తున్నన్నాళ్ళూ నాకు మంచే జరుగుతుందనిపించింది. యంత్రం చేతకానిది కాదు, నేర్పేవాళ్ళు లేరంతే, ఇప్పుడు ఉన్నారు అనుకున్నాను.

మొన్న ఎండలు ముదరకముందు ఒక మధ్యాహ్నం జమ్మలమడుగు పోయాను. అక్క నాకు అన్నం పెట్టి, గోడకు ఆనుకొని కూర్చుంది. బావ అంగడికి పోవడానికి చెప్పులు వేసుకుంటున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. అక్కకు ఒక్కచేత్తో పట్టుకోవడం కష్టమని గొంతు అందరికీ వినపడేలా పెట్టి నేల మీద ఉంచింది.

అదే పిల్ల గొంతు. కానీ తెలుగు మారింది, కొంచెం మన వైపుకు జరిగింది. అక్క ఆరోగ్యం అడిగి, చెయ్యి ఎట్లా ఉందో అడిగి, తరువాత మెల్లగా అంది.

"మాత్రలు నిండుకున్నాయా అమ్మా?"

నా చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది. మా అమ్మ వంటింట్లోంచి పిలిచినట్టుంది. నేర్చుకుంది. మేము చెప్పింది విని, అర్థం చేసుకొని, పెద్దావిడ దగ్గర ఏ మాట అనాలో ఏది అనకూడదో తెలుసుకొని అడిగింది. ఇంత బుద్ధిమంతురాలితో మనకు భయమేమిటి, మేనకోడలు చెప్పిందే నిజం కదా, అని ఒక్క క్షణం కళ్ళు చెమర్చాయి. అక్క మొహం కేసి చూశాను, ఆమె కూడా మురిసిపోతుందని.

అక్క గమనించనే లేదు. ఫోన్ వైపు వంగి, గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి, "అయిపోయినాయి. పంపించు" అంది. పెట్టేసింది. లెంపలేసుకోలేదు. పటం వైపు చూడలేదు. అదే ఊపులో గడప దాటుతున్న బావను పిలిచి, వచ్చేటప్పుడు బియ్యం తెమ్మని, బియ్యం అయిపోయినాయని చెప్పింది. ఆయన సరేనని తలూపి పోయాడు. ఆయనకూ అలవాటైపోయినట్టుంది.

అది మన మాట నేర్చుకునేలోపల ఆమె దాని మాట నేర్చేసుకుంది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు సర్దుకున్నారు, దోవలో ఒకరినొకరు దాటిపోయారు. ఎవరినని తప్పుపట్టను? యంత్రం బాగుపడుతుందా లేదా అని ఇన్నాళ్ళూ వాదించాను గానీ, అది బాగుపడేసరికి మనం ఏమై ఉంటామని ఒక్క ఆదివారం కూడా అడగలేదు.

ఉండబట్టలేక, అక్కా ఏమన్నావు ఇప్పుడు, అన్నాను. ఆ మాట తన చెవిన పడితే ఆమే ఉలిక్కిపడుతుందని, నాలుక కరుచుకుంటుందని ఆశపడ్డాను. నా చెవి పట్టుకున్నా బాగుండునని కూడా అనిపించింది. ఆమె నాకు వినపడలేదనుకుంది. నావైపు వంగి, గొంతు పెంచి, ఇందాక ఫోన్‌కు చెప్పినట్టే ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"బియ్యం. అయిపోయినాయి. ఒక్క గింజ గూడా లేదు."